కోవిడ్ కేసులు మళ్లీ పెరుగుతున్నాయి, మాస్కు ఎవరూ పెట్టడం లేదు: ఇంట్లో పెద్దవాళ్లుంటే ఏం చేయాలి?

2025 జూన్‌లో వచ్చిన ఒక ప్రశ్నకు అప్పుడు రాసిన జవాబు ఇది. మీ ప్రశ్న సారాంశం ఇలా ఉంది. 2025 మే నుంచి కోవిడ్ కేసులు పెరుగుతున్నాయని రోజూ వార్తల్లో వస్తోంది. అయినా బస్సులో, ఆఫీసులో, చివరికి ఆస్పత్రి ఓపీలో కూడా మాస్కు పెట్టినవాళ్లు కనిపించడం లేదు. మీ నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి, స్టెంట్ కూడా వేశారు. పది రోజుల్లో దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లి. ఆందోళన పడాలా, మాదే అతి జాగ్రత్తా అని అడిగారు.

అతి జాగ్రత్త కాదండి. అలాగని 2021 నాటి భయమూ అక్కర్లేదు. అప్పుడు ప్రమాదం అందరికీ ఉండేది, నిబంధనలూ అందరికీ ఉండేవి. ఇప్పుడు నిబంధనలు అందరికీ పోయాయి, ప్రమాదం మాత్రం కొందరి దగ్గరే ఆగిపోయింది. ఆ కొందరిలో మీ నాన్నగారు ఉన్నారు. కాబట్టి ఊరంతా మాస్కు పెట్టడం లేదని బాధపడటం కన్నా, ఆయన చుట్టూ ఉన్న నాలుగైదు చోట్ల గట్టిగా ఉంటే చాలావరకు సరిపోతుంది.

ముందు అంకెల సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ లెక్కల్లో మే 19న దేశం మొత్తం మీద యాక్టివ్ కేసులు 257. మే 26కి 1,009. జూన్ రెండో వారంలో 7 వేలు దాటాయి, అందులో కేరళదే పెద్ద వాటా. చూడటానికి ఘోరంగా ఉంది. కానీ ఇవి పరీక్ష చేయించుకున్నవాళ్ల లెక్కలు మాత్రమే. ఇవాళ జలుబు చేస్తే ఎంతమంది పరీక్షకు వెళ్తున్నారు? అసలు సోకినవాళ్లు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది మూడు రోజులు పడుకుని లేచి పనికి పోతున్నారు. అందుకే కేసుల అంకె మీద కళ్లు పెట్టుకుని కూర్చోకండి. ఆక్సిజన్ అవసరమై ఆస్పత్రుల్లో చేరేవాళ్లు పెరుగుతున్నారా అన్నది చూడండి. దానికన్నా ముందు మీ అపార్ట్‌మెంట్‌లో, మీ వీధిలో ఒకే వారంలో నాలుగిళ్లలో దగ్గులు వినబడుతున్నాయా అన్నది చూడండి. మీ ఇంటికి పనికొచ్చే సూచిక అదే.

ఈసారి కనబడుతున్న ఎన్‌బీ.1.8.1, ఎల్‌ఎఫ్.7 అనే వైరస్ రకాలు రెండూ 2023 చివర్లో వ్యాపించిన జేఎన్.1 రకం సంతతే. త్వరగా అంటుకుంటాయి. పాత వాటికన్నా జబ్బు ముదురుతోందనడానికి ఆధారం కనబడలేదు. 2021 ఫిబ్రవరిలో రోజుకు పదకొండు వేల దగ్గర ఉన్న కేసులు ఏప్రిల్ ఆఖరుకు నాలుగు లక్షలు దాటడం చూసినవాళ్లం కాబట్టి, గ్రాఫు పైకి లేవగానే గుండె గుభేలుమనడం సహజం. అప్పుడు డెల్టా కొత్తది, టీకా పడినవాళ్లు తక్కువ. ఇప్పటికి దేశంలో 220 కోట్లకు పైగా డోసులు పడ్డాయి, దాదాపు అందరికీ ఒకటి రెండుసార్లు సోకింది కూడా. ఆ రోగనిరోధక శక్తి జలుబును ఆపలేదు గానీ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండా చాలామందిని కాపాడుతోంది. వయసు మీద పడినవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలో, డయాలసిస్, కీమోథెరపీ నడుస్తున్నవాళ్లలో ఆ కాపలా బలహీనం. ఆస్పత్రి ఓపీలో మాస్కులు పోవడం గురించి మీరు పడ్డ బాధ అందుకే న్యాయమైనది. బజారులో మాస్కు తీసేయడం వేరు, బలహీనులంతా ఒకే గదిలో కూర్చునే చోట తీసేయడం వేరు.

ఇక మాస్కు. నాన్నగారికి ఎన్95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ కొనండి. మన దేశంలో తయారైన ఎఫ్‌ఎఫ్‌పీ2 మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 9473 అని ఉండాలి. ఎన్95 అన్నది అమెరికా సంస్థ నియోష్ ఇచ్చే గుర్తింపు. దానికి తల వెనక నుంచి వచ్చే రెండు పట్టీలు ఉంటాయి, మాస్కు మీద టీసీ-84ఏ తో మొదలయ్యే నంబరు ఉంటుంది. చెవులకు తగిలించుకునేదాని మీద నియోష్ ఎన్95 అని రాసి ఉంటే అది నకిలీ. ముందు చిన్న ప్లాస్టిక్ వాల్వ్ ఉన్నవి వద్దు. అవి పెట్టుకున్నవాళ్లు వదిలిన గాలిని వడకట్టకుండా బయటికి పంపేస్తాయి. 2020 జులైలోనే కేంద్రం వీటిని వాడొద్దని రాష్ట్రాలకు రాసింది.

మంచి మాస్కు కొన్నా సందుల వల్ల సగం ప్రయోజనం పోతుంది. పెట్టుకున్నాక ముక్కు మీది తీగను ఒక చేత్తో నొక్కి చిటికేస్తే మధ్యలో మొనలా లేస్తుంది, రెండు పక్కలా గాలి కారుతుంది. రెండు చేతుల చూపుడు వేళ్లతో మధ్య నుంచి బుగ్గల వైపు అదుముతూ వెళ్లాలి. తర్వాత రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదలమనండి. కళ్లకు గాలి తగిలితే తీగ సరిగా వంగలేదని, గడ్డం కింద తగిలితే పట్టీ వదులుగా ఉందని. ఊపిరి పీల్చినప్పుడు మాస్కు కొద్దిగా లోపలికి లాగినట్టు కావాలి. కళ్లద్దాలు మసకబారుతున్నా గాలి కారుతున్నట్టే. చెవి పట్టీల రకమైతే తల వెనక రెండింటినీ కలిపే చిన్న హుక్కు ఒకటి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, అది పెడితే పట్టు మారిపోతుంది. గడ్డం పెంచినవాళ్లకు ఏ మాస్కూ అంచుల దగ్గర అతుక్కోదు.

ఉతకొద్దు, శానిటైజర్ చల్లొద్దు, ఇస్త్రీ చేయొద్దు. లోపలి పొరలో ఉండే విద్యుదావేశమే సన్నని తుంపరలను పట్టుకుంటుంది. ఆల్కహాల్, సబ్బునీళ్లు తగిలితే అది పోతుంది, మాస్కు చూడటానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. నాలుగైదు మాస్కులు కొని, రోజుకొకటి వాడి, కాగితం కవర్లో వేసి పక్కన పెట్టి, వరుసగా తిప్పండి. పాలిథీన్ కవర్లో పెడితే చెమట తడి ఆరదు. పట్టీ సాగినా, లోపల మరక పడినా పారేయండి.

ఎక్కడెక్కడ పెట్టుకోవాలి? ఆస్పత్రి, డయాగ్నస్టిక్ సెంటర్, లిఫ్టు, ఏసీ బస్సు, మెట్రో, ఏసీ ఫంక్షన్ హాలు. ఉదయం పార్కులో నడకకు అక్కర్లేదు. ఆ నడక మానిపించకండి, మానేస్తే షుగర్ పెరుగుతుంది. ఓపీకి వెళ్లేటప్పుడు ముందు ఫోన్ చేసి రద్దీ లేని వేళకు టోకెన్ అడగండి. వంతు వచ్చేదాకా ఆయనను లోపలి హాల్లో కాకుండా కారిడార్‌లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, మీరు లోపల నిలబడండి.

పెళ్లి మానుకోమని నేను చెప్పను. ఆ వయసులో చుట్టాలను కలవడం కూడా ఆరోగ్యమే. మండపం దగ్గర రెండు మూడు గంటలు మాస్కుతో కూర్చోవచ్చు. అసలు ఇబ్బంది భోజనాల దగ్గర. మాస్కు తీయాలి, అందరూ గట్టిగా మాట్లాడుతుంటారు, డైనింగ్ హాలు తలుపులు ఏసీ కోసం మూసేస్తారు. మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి, అప్పటికి గదిలో గాలి ఇంకా తేటగా ఉంటుంది. వీలైతే ఆరుబయట టేబుల్ దగ్గరకు గానీ విడిది గదికి గానీ విస్తరి తెప్పించండి. పెళ్లివారితో చనువు ఉంటే డైనింగ్ హాలు తలుపులు బార్లా తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయించమనండి. ఏసీ కొంచెం తగ్గినా ఎవరూ పట్టించుకోరు.

మన దగ్గర ఈ జబ్బు పాకడానికి మొహమాటం పెద్ద దారి. జ్వరం వచ్చినవాడు కూడా "పిలిచాక వెళ్లకపోతే బాగుండదు" అని ఒక మాత్ర వేసుకుని వచ్చేస్తాడు. మాత్రతో జ్వరం తగ్గుతుంది, అంటించడం తగ్గదు. లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, మొదలైన నాలుగైదు రోజుల దాకా ఎక్కువగా అంటుతుంది. కొందరిలో పది రోజుల దాకా ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ముక్కు కారినా ఆ ఒక్కరూ ఆగిపోవాలి, మిగతావాళ్లు వెళ్లి అక్షింతలు వేసి రావచ్చు. మీరు ముందు ఆగితే మీ బంధువుల్లో మరో ఇద్దరికి ఆగే ధైర్యం వస్తుంది.

ఇంట్లో ఒకరికి వస్తే ఏం చేయాలో ఇప్పుడే అనుకోండి. రెండు బెడ్‌రూముల ఫ్లాటులో జబ్బుపడినవారిని అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గదిలో ఉంచుతారు, అది సరే. గాలి ఎటు పోతోందో మాత్రం ఎవరూ చూడరు. ఒక అగరబత్తి వెలిగించి, గది తలుపు మూసి, బయట హాల్లో కూర్చుని తలుపు కింది సందు దగ్గర పట్టుకోండి. పొగ గదిలోకి లాగితే మంచిది. హాల్లోకి తోసుకొస్తే గదిలోని గాలి ఇంట్లో అందరికీ పోతున్నట్టు. కిటికీకి ఎదురుగాలి కొడుతుంటే ఇలా జరుగుతుంది. అప్పుడు ఆ కిటికీ మూసి, బాత్రూమ్ తలుపు తెరిచి, అక్కడి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపకుండా తిరగనివ్వండి, హాలు కిటికీలు తెరిచి ఉంచండి. ఎగ్జాస్ట్ లేకపోతే కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెట్టి, చుట్టూ ఉన్న ఖాళీని అట్టముక్కతో మూయండి. మళ్లీ అగరబత్తితో చూడండి.

స్ప్లిట్ ఏసీ గురించి ఒక మాట. అది బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఏసీ వేసి తలుపులు బిగిస్తే వైరస్ గంటగంటకూ పోగవుతుంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలనుకుంటే లెక్క ఇలా వేయండి: 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది అంటే 1,440 ఘనపుటడుగులు, సుమారు 41 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే 205 ఘనపు మీటర్లు కావాలి. పెట్టె మీద సీఏడీఆర్ (గంటకు ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పేది) అని రాసే అంకె అంతకు తగ్గకూడదు, ఫిల్టరు సన్నని కణాలను పట్టే హెపా రకం అయి ఉండాలి. ఆ అంకె ఫుల్ స్పీడుది. రాత్రి చప్పుడని స్లీప్ మోడ్‌లో పెడితే అందులో చిన్న భాగమే వస్తుంది, అందుకే అవసరానికన్నా ఒక సైజు పెద్దది కొనమంటాను.

కూరగాయలు సబ్బుతో కడగడం, తలుపు గొళ్లేలకు రోజూ మందు కొట్టడం మానేయండి. ఆ శ్రమ కిటికీల మీద పెట్టండి. ఆవిరి పడితే ముక్కు తేలికపడుతుంది, వైరస్ చావదు. పిల్లల దగ్గర మరిగే గిన్నె పెట్టకండి.

ఇంట్లోనే చేసుకునే కోవిడ్ పరీక్ష కిట్లు నాలుగు కొని ఉంచుకోండి, గడువు తేదీ చూసుకోండి. వాటిని 30 డిగ్రీలకు మించని చోట ఉంచాలి. మే ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన కిట్ పనికిరాదు. కిట్‌లోని దూది పుల్లను రెండు ముక్కు రంధ్రాల్లో గోడలకు ఆనించి ఒక్కోదాంట్లో ఐదుసార్లు తిప్పాలి. ద్రవంలో ముంచి కలిపాక ట్యూబును పక్కల నుంచి పిండుతూ పుల్లను తీయాలి, లేదంటే ఉన్న సరుకంతా పుల్లతోనే పోతుంది. కిట్‌లో చెప్పినన్ని చుక్కలే వేయండి. 15 నిమిషాలకు చూడండి. గంట తర్వాత చూస్తే లేని గీత కూడా కనబడొచ్చు. సమయానికి చూసినప్పుడు టీ (టెస్ట్) అక్షరం దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే. ఎక్కువమంది పొరబడేది నెగెటివ్ దగ్గర. గొంతు నొప్పి మొదలైన రోజే చేస్తే చాలాసార్లు నెగెటివ్ వస్తుంది. 48 గంటల తర్వాత మళ్లీ చేయాలి. నాన్నగారికి లక్షణాలుండి ఇంట్లో నెగెటివ్ వస్తే ఆగకుండా ఆర్‌టీపీసీఆర్‌కు ఇవ్వండి. మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం రోజుల లెక్క మీద ఉంటుంది.

వర్షాలు మొదలయ్యాయి కాబట్టి జ్వరమంతా కోవిడ్ అనుకోవద్దు. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా, కళ్ల వెనక నొప్పితో తీవ్రమైన జ్వరం వస్తే డెంగీని మర్చిపోకండి. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే డెంగీ పరీక్ష, దానితో పాటు రక్తకణాల పరీక్ష చేయించాలి. జ్వరానికి పారాసిటమాల్ 650 ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా. కాలేయ సమస్య ఉంటే అంతకన్నా తక్కువ, డాక్టరును అడిగి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. స్టెంట్ కోసం వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ప్లేట్‌లెట్లు పడితే ఏం చేయాలో గుండె డాక్టరే చెప్పాలి.

కోవిడ్ అని తేలితే మొదటి ఐదు రోజులే కీలకం. ఆయన వయసు, జబ్బుల దృష్ట్యా నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ జంట మాత్రలు డాక్టరు రాయవచ్చు. లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. అందులోని రిటోనావిర్ ఇతర మందులతో బాగా గొడవపడుతుంది: కొలెస్టరాల్ మాత్రలు కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు, క్లోపిడోగ్రెల్ పనితనం తగ్గుతుంది. స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందన్నది ఇక్కడ ముఖ్యం. కిడ్నీ పనితీరును బట్టి డోసు మారుతుంది. జబ్బు వచ్చాక ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చుంటే ఐదు రోజులు ఇట్టే అయిపోతాయి. ఇప్పుడే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఒకటి చేయించి, వాడుతున్న మందులన్నీ మోతాదులతో రాసి, గుండె డాక్టరుకు చూపించి "కోవిడ్ వస్తే ఏ మందు వాడొచ్చు" అని ఒక వాక్యం రాయించుకోండి. ఆ మాత్రలు కుదరకపోతే మూడు రోజుల రెమ్‌డెసివిర్ సెలైన్ ఉంది, అది ఏడు రోజుల్లోపు మొదలుపెట్టాలి.

మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ల ప్రాణాలు కాపాడుతుందని చూపింది, అవసరం లేనివాళ్లకు మేలు లేదనీ చూపింది. షుగర్ ఉన్నవాళ్లకు మొదటి వారంలోనే స్టెరాయిడ్ ఇస్తే చక్కెర ఆకాశాన్నంటుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ అంతగా విరుచుకుపడటానికి అదొక పెద్ద కారణం. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఐవర్‌మెక్టిన్ ఈ వైరస్‌కు పనిచేయవు.

జ్వరంలో షుగర్ రోజుకు నాలుగుసార్లు చూడండి. అన్నం తినడం లేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకండి. షుగర్‌కు ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతుంటే, తిండి తగ్గి వాంతులవుతున్నప్పుడు వాటిని ఆపాలా అని అదే రోజు డాక్టరును అడగండి. షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం వీటితో ఉంది.

ఆక్సిమీటర్ మంచి పరికరమే, తప్పుగా చూడటం వల్లే కంగారు. ఐదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తున పెట్టి, చల్లగా లేని వేలికి, గోళ్లరంగు లేకుండా పెట్టాలి. మొదట కనబడ్డ అంకె రాయకండి. నిమిషం పాటు కదలకుండా నిలిచిన అంకె రాయండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి రీడింగ్ ఇప్పుడే మూడు రోజులు తీసి పెట్టుకోండి. ఎప్పుడూ 98 ఉండే మనిషికి 95 వచ్చినా అది మార్పే. చామనఛాయ, నలుపు చర్మం మీద ఇది ఉన్నదానికన్నా రెండు మూడు ఎక్కువ చూపించగలదు. కూర్చున్నప్పుడు 94 గానీ అంతకు పైన గానీ ఉండి ఆయాసం లేకపోతే, గదిలో ఆరు నిమిషాలు నడిపించి చూడండి. మూడు లేదా అంతకు మించి పడితే డాక్టరుకు ఫోన్ చేయండి. కూర్చున్నప్పుడే 93కు దిగితే ఆస్పత్రికి వెళ్లాలి, 90 లోపైతే ఒక్క నిమిషం ఆలోచించొద్దు. ఊపిరి కూడా లెక్కపెట్టండి, ఆయనకు చెప్పకుండా, ఛాతీ లేవడం చూస్తూ పూర్తి 60 సెకన్లు. 24 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆక్సిజన్ అంకె బాగున్నా ఆగకండి. పెద్దవాళ్లలో కొన్నిసార్లు జ్వరం, దగ్గు కన్నా ముందు మగత, తికమకగా మాట్లాడటం, లేచి నిలబడలేకపోవడం కనబడతాయి.

టీకాల విషయానికొస్తే, 2022లో బూస్టర్ తీసుకుని ఉంటే ఆ రక్షణ చాలావరకు సన్నగిల్లి ఉంటుంది. ఆయన వయసుకు ఇక్కడ సులువుగా దొరికేవి ఫ్లూ టీకా, న్యుమోనియా రాకుండా ఇచ్చే న్యూమోకోకల్ టీకా. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి పెళ్లినాటికి పూర్తిగా అందదు, అయినా పెళ్లి ముందు రోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే వేయించండి.

పెళ్లి నుంచి వచ్చాక ఐదారు రోజులు ఆయన గొంతు, ముక్కు గమనించండి. ఒమిక్రాన్ రకాల్లో లక్షణాలు సగటున మూడు రోజులకు మొదలవుతాయి. ఏ కాస్త తేడా కనిపించినా అదే రోజు ఒక కిట్, రెండు రోజుల తర్వాత ఇంకొకటి. ఆ రోజుల్లో పెళ్లికి వెళ్లొచ్చిన మీరంతా ఆయనతో కలిసి తినేటప్పుడు హాలు కిటికీలు తెరిచి ఉంచండి.